చెన్నై ఇంటికీ ఆఫీసుకీ పనికొచ్చే యూఎస్‌బీ సామాను: ఎంచుకోవడం, కలపడం, కాపాడుకోవడం

మౌంట్ రోడ్డు పక్కన రిచ్చీ స్ట్రీట్‌లో ఒక చుట్టు తిరిగితే యూఎస్‌బీతో నడిచే వస్తువులు ఎన్ని రకాలో కళ్లబడతాయి. మెడకు తగిలించుకునే ఫ్యాను, కాఫీ చల్లారకుండా ఉంచే పళ్లెం, తూములోకి దూర్చే కెమెరా, రౌటర్‌ని పవర్ బ్యాంకుతో నడిపే కేబుల్. వీటిలో ఏది కొనాలన్నా ముందు వేసుకోవాల్సిన లెక్క ఒకటే: ఆ వస్తువు ఎన్ని వాట్లు అడుగుతుంది, మన దగ్గరున్న పోర్టు ఎన్ని వాట్లు ఇవ్వగలదు. ఈ లెక్క చూడకుండా కొన్న సామానే నెల తిరక్కుండా అటక ఎక్కుతుంది.

వాట్ల లెక్క

వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. పాత ల్యాప్‌టాప్‌లోని యూఎస్‌బీ 2.0 పోర్టు 5 వోల్టుల దగ్గర అర ఆంపియర్ ఇస్తుంది, అంటే 2.5 వాట్లు. యూఎస్‌బీ 3.0 పోర్టు (చాలావాటికి లోపల నీలం రంగు నాలుక ఉంటుంది) 0.9 ఆంపియర్, అంటే 4.5 వాట్లు. టైప్-సి పోర్టు 5 వోల్టుల దగ్గరే 3 ఆంపియర్ల దాకా, అంటే 15 వాట్లు ఇవ్వగలదు. పీడీ (పవర్ డెలివరీ) అని రాసి ఉన్న చార్జర్లు వస్తువుతో మాట్లాడుకుని 9, 15, 20 వోల్టులకి ఎక్కుతాయి. రెండు చివరలా టైప్-సి ఉన్న మామూలు సి-టు-సి కేబుల్ 60 వాట్ల వరకే. అంతకు మించి కావాలంటే 5 ఆంపియర్లకు తగిన, లోపల చిప్ ఉన్న కేబుల్ తప్పనిసరి.

పోర్టు ఎంత ఇచ్చినా మధ్యలో కేబుల్ తినేస్తుంది. చౌక కేబుళ్లలో ఉండే 28 గేజ్ రాగి తీగ మీటరుకు 0.21 ఓమ్‌ల అడ్డు పెడుతుంది. కరెంటు వెళ్లి రావాలి కాబట్టి మీటరు కేబుల్‌లో అది 0.42 ఓమ్‌లు. అందులోంచి ఒకటిన్నర ఆంపియర్ లాగితే 0.6 వోల్టుకు పైగా దారిలోనే పోతుంది. 5 వోల్టులు అవతలికి చేరేసరికి 4.4 కూడా ఉండవు. అదే 22 గేజ్ తీగైతే నష్టం 0.16 వోల్టు దగ్గర ఆగుతుంది. గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావు పెరుగుతుంది. ఫ్యాను నీరసంగా తిరుగుతున్నా, రౌటర్ మాటిమాటికీ ఆగి లేస్తున్నా ముందు కేబుల్ మార్చి చూడండి.

అందుకే మొట్టమొదట కొనాల్సింది ఫ్యానూ కాదు, దీపమూ కాదు, యూఎస్‌బీ మీటర్. చార్జర్‌కీ వస్తువుకీ మధ్య గుచ్చితే వోల్టులు, ఆంపియర్లు, వాట్లు, మొత్తం ఎంత శక్తి వెళ్లిందో వాట్-అవర్లలో చూపిస్తుంది. వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. రెండు చివరలూ టైప్-సి ఉన్న రకం తీసుకుంటే పీడీ వోల్టేజీ కూడా కనిపిస్తుంది. దుకాణానికి వెళ్లేటప్పుడు దీన్నీ, చార్జ్ నిండిన పవర్ బ్యాంకునీ సంచిలో వేసుకెళ్లండి. డబ్బు ఇచ్చే ముందే అక్కడే నడిపించి చూడమంటే రిచ్చీ స్ట్రీట్‌లో ఎవరూ తప్పు పట్టరు.

ఇంకొక చిక్కు చాలామందిని మోసం చేస్తుంది. కొత్తగా కొన్న ఫ్యానుకో దీపానికో టైప్-సి సాకెట్టు ఉంటుంది, ఫోను చార్జర్ సి-టు-సి కేబుల్‌తో పెడితే ఉలుకూ పలుకూ ఉండదు. వస్తువు పాడైందని తిప్పి పంపేస్తారు. అసలు సంగతి ఇది: సి చార్జర్ అవతల ఎవరో ఉన్నారని తెలిస్తేనే కరెంటు వదులుతుంది. ఆ కబురు చెప్పడానికి సాకెట్టు లోపల 5.1 కిలో-ఓమ్ రెసిస్టర్లు రెండు ఉండాలి. చవక సామానులో వాటిని పెట్టకుండా డబ్బు మిగుల్చుకుంటారు. పాత రకం వెడల్పు పోర్టున్న చార్జర్‌తో, ఎ-టు-సి కేబుల్‌తో పెట్టండి, వెంటనే నడుస్తుంది. ఇంట్లో అలాంటి చార్జర్ ఒకటి ఎప్పుడూ ఉంచుకోవాలి.

ఫ్యాను

చెన్నై ఉక్కపోతలో ఎక్కువ వాడకమున్న వస్తువు ఇదే. చిన్న బల్ల ఫ్యాను 2.5 వాట్ల దగ్గర, ఎనిమిది అంగుళాల క్లిప్ ఫ్యాను 5 నుంచి 10 వాట్ల మధ్య తింటుంది. 2.5 వాట్ల ఫ్యాను గాలి మీటరు దూరం దాటితే తెలియదు కాబట్టి మొహానికీ మెడకీ తగిలేలా దగ్గరగా పెట్టుకోవాలి. గది చల్లబడాలని ఆశించకూడదు. ఆ గాలి చెమటను ఆర్చుతుంది, అంతవరకే.

పదివేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో ఉండేది 37 వాట్-అవర్లు (10 ఆంపియర్-అవర్లను సెల్ వోల్టేజీ 3.7తో గుణించాలి). 5 వోల్టులకు మార్చేటప్పుడు కొంత వేడిగా పోగా చేతికొచ్చేది 32. అంటే 2.5 వాట్ల ఫ్యాను పన్నెండు గంటలు, 5 వాట్లదైతే ఆరు గంటలు.

బ్రష్ మోటారు ఉన్న చవక ఫ్యానుని ల్యాప్‌టాప్‌కి గుచ్చితే మీటింగులో అవతలివాళ్లకి గుయ్యిమని శబ్దం వినిపించే అవకాశం ఉంది. మోటారు చేసే అలజడి అదే 5 వోల్టుల దారిలో మైకులోకి చేరుతుంది. ఫ్యానుని వేరే చార్జర్‌కి మార్చితే ఆగిపోతుంది. బ్రష్ లేని బీఎల్‌డీసీ మోటారు ఉన్నది కొంటే ఈ గొడవ తక్కువ, ఆయుష్షూ ఎక్కువ.

కరెంటు పోయినా రౌటర్ ఆగకుండా

ఈబీ (కరెంటు బోర్డు) వాళ్లు నెలవారీ పనుల కోసం కోత పెట్టేది సాధారణంగా ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 వరకు, అంటే సరిగ్గా ఆఫీసు వేళ. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) పొడవునా ఇంటినుంచి పనిచేసేవాళ్లకి ఇక్కడే ఇబ్బంది. ల్యాప్‌టాప్‌కి తన బ్యాటరీ ఉంది, రౌటర్‌కి లేదు. దానికి పవర్ బ్యాంకు తగిలించడం అరగంట పని, కానీ వరస తప్పకూడదు.

1. మొదట ఇంట్లోకి వస్తున్నది ఏమిటో చూడండి. గోడలోంచి సన్నని ఫైబర్ నేరుగా మీ పెట్టెలోకి వస్తుంటే మంచిది, దారిలో ఫైబర్‌ని ఇళ్లకి పంచే స్ప్లిట్టర్లకి సాధారణంగా కరెంటు అక్కర్లేదు. లావుపాటి ల్యాన్ కేబుల్ వస్తుంటే అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గరో మేడ మీదో ఒక స్విచ్ పెట్టె ఉంటుంది. దానికి బ్యాటరీ లేకపోతే మీ ఇంట్లో ఏం పెట్టినా నెట్ రాదు. ముందు అసోసియేషన్‌తోనో కేబుల్ అతనితోనో ఆ సంగతి తేల్చుకోండి. ఫైబర్ పెట్టె ఒకటి, వైఫై రౌటర్ ఇంకొకటి విడిగా ఉంటే రెండింటికీ బ్యాటరీ కావాలి.

2. రౌటర్ అడాప్టర్ మీది అవుట్‌పుట్ గీత చదవండి. ఎక్కువ భాగం 12 వోల్టులు, 1 ఆంపియర్. కొన్ని 9 వోల్టులవి. పక్కనే గుండ్రం గుర్తులో ప్లస్ మధ్య చుక్కకు కలిసి ఉందో లేదో చూడండి. చాలా రౌటర్లకి మధ్య పిన్ను ప్లస్సే. మీది తిరగబడి ఉంటే ఇంక ముందుకు వెళ్లకండి.

3. కేబుల్ ఎంచుకోండి. రెండు రకాలున్నాయి. మొదటిది బూస్ట్ కేబుల్: ఏ పవర్ బ్యాంకు నుంచైనా 5 వోల్టులు తీసుకుని 12 చేస్తుంది. రెండోది పీడీ ట్రిగ్గర్ కేబుల్: పవర్ బ్యాంకునే 12 వోల్టులు ఇవ్వమని అడుగుతుంది. రెండోదే మెరుగు, వేడి తక్కువ. కాకపోతే పీడీ ప్రమాణంలో 5, 9, 15, 20 వోల్టులే వరసలో ఉన్నాయి, 12 అనేది తయారీదారు ఇష్టం. పవర్ బ్యాంకు వెనక 12 వోల్టులని స్పష్టంగా రాసి ఉంటేనే ఈ కేబుల్ కొనండి. లేకపోతే అది 9 దగ్గర ఆగిపోతుంది. రౌటర్ దీపాలు వెలుగుతాయి కానీ వైఫై నిలబడదు.

4. పిన్ను కొలత సరిపోవాలి. బయటి వ్యాసం 5.5 మిల్లీమీటర్లు, లోపలి రంధ్రం 2.1 లేదా 2.5. 2.1 రంధ్రం ఉన్న ప్లగ్గు లావు పిన్ను మీదికి ఎక్కనే ఎక్కదు. 2.5ది సన్న పిన్ను మీదికి ఎక్కుతుంది కానీ వదులుగా ఊగుతుంది. అలా ఊగేదే తర్వాత తెగ ఏడిపిస్తుంది.

5. రౌటర్‌కి గుచ్చే ముందు మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి ఎర్ర మొన ప్లగ్గు రంధ్రంలోకి, నల్ల మొన బయటి లోహానికి తగిలించండి. 11.4 నుంచి 12.6 మధ్య రావాలి. ముందు మైనస్ గుర్తు వస్తే ప్లస్ మైనస్‌లు తారుమారైనట్టు. ఆ కేబుల్ వాడొద్దు.

6. ఇప్పుడు కలిపి, పవర్ బ్యాంకుకీ కేబుల్‌కీ మధ్య యూఎస్‌బీ మీటర్ పెట్టి, రెండు ఫోన్లలో వీడియోలు నడుపుతూ అరగంట గమనించండి. అడాప్టర్ మీద 12 వాట్లని రాసి ఉన్నా నడిచేటప్పుడు చాలా రౌటర్లు 6 వాట్ల చుట్టూనే తింటాయి. బూస్ట్ కేబుల్ మధ్యలోని ఉబ్బెత్తు భాగం వేలు ఆనించలేనంత కాలిపోతుంటే దాని సత్తా చాలదు.

బూస్ట్ కేబుల్‌తో పదివేల ఎంఏహెచ్ బ్యాంకు 6 వాట్ల రౌటర్‌ని సుమారు నాలుగున్నర గంటలు నడుపుతుంది. రెండుసార్లు వోల్టేజీ మార్చడంలో నాలుగో వంతు దాకా పోతుంది కాబట్టి అంతే. కోత ఐదు గంటలు. ఆఖరి అరగంటలో మీటింగ్ తెగకుండా ఉండాలంటే ఇరవైవేలది కొనడమే దారి. అది తొమ్మిది గంటలు లాగుతుంది.

మధ్యలో రౌటర్ ఆగి లేస్తుంటే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. వైఫై జోరందుకున్నప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది, సన్న కేబుల్‌లో వోల్టేజీ పడుతుంది, పడిన వోల్టేజీతో అవే వాట్లు ఇవ్వడానికి బూస్ట్ భాగం ఇంకా ఎక్కువ లాగుతుంది. అలా కుంగి కుంగి చివరికి పవర్ బ్యాంకే ఆపేస్తుంది. మధ్యలో పొడిగింపు కేబుల్ ఉంటే తీసేయండి.

పవర్ బ్యాంకుని చార్జర్‌కి పెట్టి ఉంచి, అటునుంచి రౌటర్‌కి ఇవ్వాలనుకుంటే ముందు పరీక్షించాలి. రౌటర్ నడుస్తుండగా గోడ స్విచ్ ఆపండి, వేయండి. చాలా బ్యాంకులు ఆ క్షణంలో ఒక సెకను అవుట్‌పుట్ ఆపుతాయి, రౌటర్ మొదటినుంచి మొదలవుతుంది. అలా ఆగకూడదంటే రౌటర్ల కోసమే తయారుచేసిన చిన్న యూపీఎస్ పెట్టె కొనండి. పైగా లిథియం సెల్‌ని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు. మే నెల మధ్యాహ్నం వేడెక్కిన రౌటర్ మీదే బ్యాంకుని పెట్టి చార్జ్ చేస్తే అది త్వరగా ఉబ్బే ప్రమాదం ఉంది. కాస్తంత ఉబ్బినా ఆ రోజే వాడకం ఆపండి. గుచ్చకండి, చెత్తబుట్టలో వేయకండి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి. ఇంట్లో పిల్లలుంటే ఈ మాట ఇంకా గట్టిగా పట్టించుకోవాలి.

ఆఖరి జాగ్రత్త: 12 వోల్టుల కేబుల్‌కి ఎర్ర టేపు చుట్టి దాని మీద పన్నెండని రాయండి. కంగారులో 5 వోల్టుల స్పీకర్‌కో దీపానికో గుచ్చితే అది ఇంక లేవదు.

తుపాను రోజుల సంచి

2016 డిసెంబర్ 12న వర్దా, 2023 డిసెంబర్ మొదట్లో మిచౌంగ్ వచ్చినప్పుడు నగరంలో చాలా చోట్ల కరెంటు రోజుల తరబడి లేదు. అలాంటప్పుడు రౌటర్ సంగతి మరిచిపోయి ఉన్న శక్తిని ఫోనుకీ వెలుతురుకీ దాచుకోవాలి. ఇరవైవేల ఎంఏహెచ్ బ్యాంకు చేతికిచ్చేది 60 వాట్-అవర్లకు కొంచెం అటూఇటూ. ఫోను ఒకసారి నిండడానికి సుమారు 20, ఒకటిన్నర వాట్ల దీపం ఆరు గంటలు వెలగడానికి 9, చిన్న ఫ్యాను రాత్రి ఎనిమిది గంటలు తిరగడానికి 20. ఒక పగలూ ఒక రాత్రీ గడుస్తాయి. నలుగురున్న ఇంటికి రెండు బ్యాంకులు ఉండాలి.

ఆ రాత్రి ఎదురయ్యే చిక్కు ఒకటుంది: చిన్న దీపం పెడితే అరనిమిషంలో ఆరిపోతుంది. లాగే కరెంటు మరీ తక్కువైతే ఫోను నిండిపోయిందనుకుని బ్యాంకు ఆగిపోతుంది. కొన్నింట్లో బటన్ రెండుసార్లు నొక్కితే తక్కువ కరెంటు పద్ధతిలోకి మారుతుంది. అది లేకపోతే ఫ్యానునీ దీపాన్నీ ఒకే బ్యాంకుకి కలిపి పెట్టండి. ఇదంతా అక్టోబర్‌లోనే, వానలు మొదలవక ముందే, ఒక రాత్రి చేసి చూసుకోండి. తర్వాత బ్యాంకుని సగానికి పైగా చార్జ్‌తో దాచి, మూడు నెలలకోసారి నింపి, తుపాను హెచ్చరిక రాగానే పూర్తిగా ఎక్కించండి.

పవర్ బ్యాంకు కొనేటప్పుడు ఆర్ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నమోదు సంఖ్య చూసి, బీఐఎస్ కేర్ యాప్‌లో సరిపోల్చుకోండి. బరువు కూడా అబద్ధం పట్టిస్తుంది. నిజమైన పదివేలది 200 గ్రాముల చుట్టూ ఉంటుంది. ఇరవైవేలని రాసి ఉన్నది కూడా అంతే తూగితే అది ఇరవైవేలది కాదు. అనుమానముంటే మీటర్ పెట్టి ఫ్యానుతో మొత్తం ఖాళీ చేయించండి, వాట్-అవర్ల అంకె నిజం చెబుతుంది.

తూము కెమెరా

వినడానికి వింతగా ఉన్నా ఏడాదిలో రెండుసార్లు వాడితే పెట్టిన డబ్బు వచ్చేసినట్టే. పొడవాటి కేబుల్ చివర 5.5 లేక 8 మిల్లీమీటర్ల కెమెరా, చుట్టూ చిన్న ఎల్‌ఈడీలు. ఏసీ నీళ్లు గదిలోకి కారుతున్నప్పుడు డ్రెయిన్ పైపులో జిగురు ఎక్కడ పేరుకుందో, సింకులో పడిన చెవి పోగు ఏ వంపులో ఆగిందో చూడొచ్చు. 5.5 మిల్లీమీటర్లదే తీసుకోండి, లావుది తూము మొదటి వంపు తిరగదు. కేబుల్ మరీ మెత్తగా ఉంటే ముందుకు నెట్టలేం. వంచితే వంగిన చోటే నిలబడే గట్టి రకం కావాలి.

ఆండ్రాయిడ్ ఫోనుకి నేరుగా పెట్టొచ్చు. కొన్ని ఫోన్లలో సెట్టింగుల్లో ఓటీజీ (ఫోనుకి బయటి వస్తువులు తగిలించే వీలు) విడిగా ఆన్ చేయాలి, కాసేపు వాడకపోతే అదే ఆఫ్ అయిపోతుంది. యాప్‌కి కెమెరా అనుమతి ఇవ్వకపోతే తెర నల్లగానే ఉంటుంది. విండోస్ ల్యాప్‌టాప్‌లోనైతే మామూలు కెమెరా యాప్‌లోనే కనిపిస్తుంది. ఐఫోన్ ఉన్నవాళ్లు వైఫై రకమో, ఐఫోన్‌కి పనిచేస్తుందని రాసి ఉన్న రకమో కొనాలి. లోపలికి పంపే ముందు చివర కొక్కెం బిగించండి. స్టీలు దగ్గరికి వెళ్లేకొద్దీ దీపం వెలుగు తగ్గించకపోతే తెల్లటి మెరుపు తప్ప ఏమీ కనబడదు. బొమ్మ మసకగా ఉంటే కెమెరాని అయిదారు సెంటీమీటర్లు వెనక్కి లాగండి. వంపులో బిగుసుకుంటే బలం పెట్టకుండా కేబుల్‌ని వేళ్లతో మెలితిప్పుతూ వదలండి. తూములో యాసిడ్ పోసిన రోజు మాత్రం దించొద్దు. నీళ్లకు ఆగేది మొన ఒక్కటే, దీపం వెలుగుని పెంచి తగ్గించే చక్రం తడిస్తే కెమెరా పోయినట్టే.

బల్ల మీద

కప్పు వెచ్చబెట్టే పళ్లెం గురించి చాలామంది అడుగుతారు. 2.5 వాట్ల పళ్లెం మీద 100 మిల్లీలీటర్ల చల్లారిన కాఫీని 30 డిగ్రీల నుంచి 60కి తేవాలంటే, వేడి ఏమాత్రం బయటికి పోకపోయినా, గంటా ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది. కాబట్టి అది కాఫీని కాచదు, చల్లారడాన్ని ఆలస్యం మాత్రం చేస్తుంది. 10 వాట్లది కొంటే పని జరుగుతుంది. దానికి 2 ఆంపియర్ల చార్జర్ కావాలి, ల్యాప్‌టాప్ పోర్టుకి పెట్టొద్దు. స్టీలు టంబ్లర్‌కి అడుగు లోపలికి నొక్కినట్టు ఉంటుంది కాబట్టి పళ్లేనికి ఆనదు. అడుగు చదునుగా ఉన్న పింగాణీ కప్పు, పైన మూత ఉంటేనే ఫలితం.

వైర్‌లెస్ మౌస్ కదులుతూ కదులుతూ ఆగిపోతుంటే బ్యాటరీ మార్చే ముందు ఒకటి చూడండి. యూఎస్‌బీ 3.0 పోర్టులూ హార్డ్ డిస్కులూ వెదజల్లే రేడియో అలజడి, మౌస్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పడుతుందని ఇంటెల్ 2012లోనే వివరంగా రాసింది. మౌస్ రిసీవర్‌ని అరమీటరు పొడిగింపు కేబుల్‌తో డిస్కుకి దూరంగా, మౌస్‌కి దగ్గరగా పెడితే చాలు.

చార్జర్ లేని నాలుగు పోర్టుల యూఎస్‌బీ 2.0 హబ్బు తనకొచ్చిన అర ఆంపియర్‌నే అందరికీ పంచాలి. దానికి హార్డ్ డిస్కు పెడితే టిక్కుటిక్కుమని చప్పుడు చేసి ఆగిపోతుంది, రాస్తున్న ఫైలు చెడుతుంది. డిస్కులు వాడేవాళ్లు సొంత అడాప్టర్ ఉన్న హబ్బే కొనాలి.

తెలుగులోనూ ఇంగ్లిషులోనూ మార్చి మార్చి టైపు చేసేవాళ్లకి మూడు నాలుగు మీటలున్న మాక్రో ప్యాడ్ మంచి తోడు. ఒక మీటకి విండోస్-స్పేస్ పెడితే భాష మారుతుంది. ఇంకొక దానికి మీటింగులో మైకు ఆపే మీటలు: టీమ్స్‌కి కంట్రోల్-షిఫ్ట్-ఎం, జూమ్‌కి ఆల్ట్-ఎ, గూగుల్ మీట్‌కి కంట్రోల్-డి. అమరికల్ని తనలోనే దాచుకునే రకం తీసుకుంటే ఇంట్లో కంప్యూటర్‌లో అమర్చి ఆఫీసుకి తీసుకెళ్లొచ్చు. అది కీబోర్డుగా కనిపిస్తుంది కాబట్టి ఆఫీసు ఐటీ వాళ్లని ముందే అడగండి.

పొగమంచు చిమ్మే హ్యూమిడిఫయర్ మాత్రం ఇక్కడ కొనొద్దు. సముద్రం పక్కన గాలిలో ఉన్న తేమే చెమటని ఆరనివ్వదు, దానికి ఇంకొంత కలపడమెందుకు? బోరు నీళ్లు పోస్తే సామాను మీద తెల్లటి పొడి కూడా పడుతుంది. నీలి వెలుగుతో దోమల్ని పట్టే దీపమూ అంతే. 1996లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం అమెరికాలోని డెలవేర్‌లో ఆరుబయటి దీపాలకి చిక్కిన 13,789 పురుగుల్ని లెక్కపెడితే కుట్టేవి 31 మాత్రమే. దోమతెర కొనుక్కోండి.

ఉప్పు గాలి నుంచి కాపాడటం

బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి సముద్రానికి దగ్గర ప్రాంతాల్లో యూఎస్‌బీ సాకెట్లు త్వరగా నల్లబడతాయి, పచ్చటి చిలుము పడుతుంది. ఉప్పు తేమ తగిలిన కాంటాక్టుల మీద 5 వోల్టులు నిలిచి ఉంటే లోహం కరిగిపోతూ ఉంటుంది. కాబట్టి వాడని చార్జర్ గోడ స్విచ్ ఆపేయండి, కేబుల్ చివర తడి నేల మీదో కిటికీ అంచు మీదో వేలాడనివ్వకండి.

రెండు నెలలకోసారి శుభ్రం చేయాలి. కరెంటు పూర్తిగా తీసేసి, సాకెట్టులో పేరుకున్న దూదిని చెక్క పుల్లతో మెల్లగా తీయండి. గుండుసూది పెడితే టైప్-సి మధ్యలోని సన్న నాలుక విరుగుతుంది. మెత్తటి టూత్ బ్రష్‌ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, విదిలించి, నాలుగైదు సార్లు రుద్దండి. శానిటైజర్ వాడొద్దు, అందులో నీళ్లూ జిగురూ ఉంటాయి. పదిహేను నిమిషాలు ఫ్యాను కింద ఆరనిచ్చి, మీటర్ పెట్టి ముందటి అంకెలతో పోల్చండి. అదే చార్జర్, అదే కేబుల్‌తో వోల్టేజీ ఇంకా పడుతుంటే సాకెట్టు మార్పించాలి. మార్చేటప్పుడు బోర్డు పైపైన అతికే రకం కాకుండా, కాళ్లు బోర్డులోని రంధ్రాల్లోకి దిగి టంకం పడే సాకెట్టు వేయమని అడగండి. రోజూ గుచ్చి తీసే చోట అదే నిలుస్తుంది.